ఏటి అవతలి న్యాయం

"సయాం దేశంలో మనిషిని సంపితే ఇక్కడ ఉరేస్తారా బావూ?"

బరంపురం జడ్జీ కోర్టు వరండాలో నల్లకోటు వేసుకున్న ప్రతి మనిషినీ తవిటమ్మ ఇదే మాట అడిగింది. ఢిల్లీలో దర్బారు జరిగిన మరుసటి ఏడాది అది. సముద్రపొడ్డు ఊరు చమఖండి నుంచి నడిచి వచ్చింది, చీర అంచుకు ఇంకా ఇసక అంటుకునే ఉంది. కొందరు నవ్వారు. ఒకాయన గుమస్తాను ఒడియాలో కేకేసి, ఈ పిచ్చిదాన్ని బయటికి పంపించమన్నాడు. సోమేశ్వరరావు ఒక్కడే నవ్వలేదు. అతను వర్తకుల ఇంటి కుర్రాడు. దుకాణం అన్నలకు వదిలేసి మద్రాసు వెళ్ళి ప్లీడరీ చదివి వచ్చాడు. ఏ దేశంలో ఏ చట్టం ఉందో చదవడం మొదలుపెడితే అతనికి అన్నం సంగతి కూడా గుర్తుండదు.

"ఎవరిని చంపారమ్మా?"

"నా పెనిమిటిని. పైడయ్యని."

"చంపిందెవరు?"

"అప్పయ్య మేస్త్రి. మొన్న గోపాలపూర్‌లో కొత్త గొడుగేసుకొని ఓడ దిగినాడు."

గోపాలపూర్ రేవు నుంచి ఏటేటా జనం రంగూన్ పోయేవారు. ఆ ఒడ్డున దాన్ని రంగం అంటారు. ఊళ్ళ వెంట తిరిగి మనుషుల్ని పోగుచేసి, ఓడెక్కించి, రంగంలో బియ్యం మిల్లులకు అప్పగించడం అప్పయ్య పని. అలా పైడయ్యను కూడా తీసుకుపోయాడు. మిల్లు పని అయ్యాక కొందరిని బర్మా కొసదాకా నడిపించి, ఒక ఏరు దాటించాడు. ఏటికి ఇవతల ఇంగ్లీషు రాజ్యం, అవతల సయాం రాజుది. అక్కడ ఒక చీనావాడి తగరం గనిలో మొలలోతు బురదలో పని. పైడయ్య కొన్నాళ్ళు చేశాడు, ఇక చెయ్యలేను, ఇంటికి పోతానన్నాడు. పోవడానికి వీల్లేదన్నాడు అప్పయ్య. పైడయ్య మూట భుజాన వేసుకుని ఏటివైపు నడిచాడు. అప్పయ్య వెనకనుంచి పార కర్రతో తలమీద కొట్టాడు.

అది కళ్ళారా చూసినవాడు మసేను, తవిటమ్మ మేనమామ. పొదల్లోంచి చూశాడు, అక్కడినుంచి అటే ఏరు ఈది, పడుతూ లేస్తూ రంగం చేరి, ఇంటికొచ్చి చెప్పాడు. తరవాత కొద్దిరోజులకే అప్పయ్య కూడా వచ్చాడు. వచ్చి పైడయ్య తల్లి వరహాలమ్మ గుమ్మంలో కూలబడి, "వాంతిభేది తగిలి పోనాడే నీ కొడుకు" అని కళ్ళు తుడుచుకున్నాడు. వరహాలమ్మ నమ్మింది. రోగమొచ్చి పోయాడనుకుంటే ఆ ముసలిదానికి కాస్త నిద్ర పడుతుంది. తవిటమ్మ మాత్రం అతను కళ్ళు తుడుచుకుంటున్న చేతినే చూస్తూ నిలబడింది. ఆ చెయ్యి విరగాలి, విరిగినప్పుడు తను వినాలి. ఆ రోజునుంచి ఆమెకు మరో కోరిక లేదు.

పోలీసు ఠాణాలో 'ఆ దేశం మాది కాదు' అని పంపించేశారు. అందుకే ఈ వరండాకు వచ్చింది.

సోమేశ్వరరావు ఆమెను బల్లమీద కూర్చోమన్నాడు. ఆమె కింద కూర్చుంది. అతను హుషారుగా మొదలుపెట్టాడు.

"ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతమ్మా. ఇంగ్లండులో పన్నెండుమంది మామూలు మనుషుల్ని కూచోబెడతారు. పన్నెండుమందీ ఒక్కమాట మీద ఉంటేనే శిక్ష. ఫ్రెంచివాళ్ళ దగ్గర జడ్జీయే ముద్దాయిని ఎదురుగా నిలబెట్టి గుచ్చిగుచ్చి అడుగుతాడు. ఇక్కడ మన కొండ ఏజెన్సీలో అయితే మా ప్లీడర్ల గొడవే ఉండదు. బరంపురంలో జడ్జీ దొర పక్కన ఇద్దరు అసెసర్లు కూచుంటారు. వాళ్ళ మాట ఆయన వినొచ్చు, మానొచ్చు."

"కొండలమీద ఏటి సేస్తారు?"

"పాతరోజుల్లో పశువుల్ని ఇచ్చి రాజీ పడేవాళ్ళట."

తవిటమ్మ మొహం తిప్పుకుంది. "పశువులు నాకెందుకు! సయాంలో?"

"హత్య రుజువైతే కత్తితో తల తీస్తారు."

"అందరి ఎదటా?"

"అందరి ఎదటే."

ఆమె కళ్ళు చటుక్కున వెలిగాయి. సోమేశ్వరరావు అది చూసి కొంచెం జంకాడు. అంతవరకూ అతనికి అది పుస్తకంలో చదివిన సంగతి మాత్రమే.

"అయితే ఆడిని ఆ దేశానికే అంపించీండి బావూ."

"మన సర్కారు తన మనిషిని ఇంకో రాజు చేతుల్లో పెట్టదమ్మా, అంత తేలిగ్గా. కానీ ఒక దారుంది. మనవాడు పరాయి దేశంలో నేరం చేసినా, మద్రాసు సర్కారు ఒప్పుకుంటే ఇక్కడే విచారణ జరిపించొచ్చు. ఇలాంటి కేసు ఈ కోర్టుకి ఎప్పుడూ వచ్చినట్టు లేదు."

"ఇక్కడ ఉరేనా?"

"ఉరే."

"సర్లెండి. అదే సేయించండి."

మద్రాసునుంచి అనుమతి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా తవిటమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని అప్పయ్య ఇంటి వీధినే తిరిగింది. అతను అరుగుమీద కూర్చుని చుట్ట కాలుస్తుంటే, ఎదురుగా గంప దించి, కొనేవాళ్ళు ఉన్నా లేకున్నా కూర్చునేది. మాట్లాడేది కాదు. చివరికి అతనే అరుగుమీద కూర్చోవడం మానేశాడు.

విచారణ మొదలైంది. కోర్టు హాలంతా గోపాలపూర్, చమఖండి మనుషులతో నిండిపోయింది. జడ్జీ దొర ఇంగ్లీషులో అడుగుతాడు, దుబాసీ తెలుగులో చెబుతాడు. శవాన్ని కోసి చూసిన డాక్టరెవరు? లేడు. శవం ఎక్కడ? సయాంలో మట్టికింద. అప్పయ్య జట్టులో పనిచేసిన ఇద్దరు బోనెక్కి, పైడయ్యకు వాంతులయ్యాయి, విరేచనాలయ్యాయి అని ఒక్కలాగే చెప్పారు. మళ్ళీ ఓడెక్కాలంటే వాళ్ళకు అప్పయ్యే దిక్కు. మిగిలింది మసేను ఒక్కడు.

"నీకూ ముద్దాయికీ ఇదివరకు తగాదా ఉందా?" అని అడిగాడు అప్పయ్య తరఫు వకీలు.

"కల్లుపాక దగ్గర ఒకపాలి కొట్టుకున్నాం," అన్నాడు మసేను. ఉన్నమాట దాచడం అతనికి చేతకాదు.

వకీలు చిరునవ్వుతో కూర్చున్నాడు. తరవాత జడ్జీ అప్పయ్యను అడిగాడు. అప్పయ్య చేతులు కట్టుకుని, "నాకేటీ తెల్దు దొరా, తమ్ముడనుకొని మందు పోసినాను," అన్నాడు.

అసెసర్లిద్దరూ నేరం లేదన్నారు. అనుమానం తీరలేదు కనక వదిలేస్తున్నానన్నాడు జడ్జీ. అప్పయ్య బోను దిగి తవిటమ్మ పక్కనుంచే నడిచి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ మీసం కిందనుంచి నవ్వాడు.

వరండాలో సోమేశ్వరరావు తలొంచుకుని నిలబడ్డాడు. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఆమె అడిగింది వేరు.

"మా మావసేత ప్రమాణం సేయించినారు. ఆ దొంగముండాకొడుకులిద్దరిసేతా సేయించినారు. సంపినోడిసేత సేయించనేదు. ఏటి బావూ?"

"ముద్దాయి చేత ప్రమాణం చేయించకూడదమ్మా. అది ఇక్కడి చట్టం. ఇంగ్లండులో ఈమధ్య, ముద్దాయి కోరుకుంటే చెయ్యనిస్తున్నారు. మనకింకా రాలేదు."

"అందరి నోళ్ళూ కట్టి, ఆడి నోరొకటి వదిలినారన్నమాట." ఆమె కొంగు బిగించింది. "మళ్ళీ కేసు ఎయ్యలేమా?"

"ఇక్కడ వెయ్యలేం. ఒకసారి వదిలేస్తే ఆ నేరానికి మళ్ళీ పట్టుకోరు." అతను ఆగి, తనలో తను అనుకున్నట్టే అన్నాడు. "అయితే ఈ తీర్పు ఇక్కడికే. సయాం కోర్టుకి మన జడ్జీ మాటతో పనిలేదు. వాడు అక్కడ కాలు పెడితే వాళ్ళు పట్టుకోవచ్చు."

తవిటమ్మ అతనికి దగ్గరగా జరిగింది. "రాయండి బావూ ఆళ్ళకి."

అతను రాశాడు. మసేను చెప్పిన సాక్ష్యం నకలు జతపరిచి, ఆ గని ఉన్న జిల్లా అధికారికి ఇంగ్లీషులో పంపాడు. ఎప్పటికో జవాబొచ్చింది. గని చీనావాడు అప్పుడే ఫిర్యాదు ఇచ్చాడనీ, గొయ్యి తవ్వి చూస్తే పుర్రె పగిలి ఉందనీ, అప్పయ్య అనేవాడు ఏరు దాటి వస్తే పట్టుకుంటామనీ ఆ అధికారి రాశాడు.

"కానీ వాడు అక్కడికెందుకు పోతాడు తవిటమ్మా?" అన్నాడు సోమేశ్వరరావు.

"ఎల్తాడు," అంది ఆమె.

ఆ ఒడ్డున కోర్టు కాని కోర్టు ఒకటుంది. పీతల రేవు దగ్గర, ఒడ్డుకు లాగిన పడవల నీడలో జాలరుల కులపెద్దలు కూర్చుంటారు. గోపాలపూర్, చమఖండి రెండూళ్ళకూ పెద్ద లక్ష్ముడు. తవిటమ్మ అతని ముందు నిలబడి పెద్దల్ని కూర్చోబెట్టమంది.

వరహాలమ్మకు అది నచ్చలేదు. "సర్కారోడే ఒదిలీసినాడు. మనకెందుకే కోడలా? పోయినోడు ఎలగూ రాడు. ఆడు తప్పు సొమ్ము కడతానంటున్నాడట, తీసుకొని ఊరుకుందాం."

"నీ కొడుకుని ఎంతకి అమ్ముతావు అత్తా?" అంది తవిటమ్మ. ముసలిది చెంపదెబ్బ తిన్నట్టు చూసింది.

పెద్దలు కూర్చున్న రోజున అప్పయ్య తెల్లని పంచె కట్టుకుని దర్జాగా వచ్చాడు. లక్ష్ముడు ముందు రాజీ మాటే ఎత్తాడు. కులానికి భోజనం పెట్టి, ఆడమనిషికి ఇంత ముట్టజెబితే సరిపోతుందన్నాడు.

"నాకేటీ ఒద్దు తాతా," అంది తవిటమ్మ. "ఆ కోర్టుకి శవం కావాలట, డాక్టరు కావాలట. మీకు కావాలా?"

"అక్కర్లేదు."

"అయితే ఆడు ఉప్పునీళ్ళు సేత పట్టుకొని, గంగమ్మ సాచ్చిగా, 'పైడయ్యమీద నాను సెయ్యెత్తనేదు' అని ఒక్క మాట సెప్పమనండి. సెప్తే నాను ఆడి కాళ్ళమీద పడి ఎల్లిపోతాను."

లక్ష్ముడు తల ఊపాడు. అది వాళ్ళలో ఉన్న పద్ధతే. ఉప్పునీళ్ళు పట్టి అబద్ధమాడినవాడి పడవ తిరిగి ఒడ్డుకు రాదని అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. మసేను సముద్రంలోకి దిగి దోసిట్లో నీళ్ళు తెచ్చాడు. అప్పయ్య చేతులు చాచాలి. చాచలేదు. అతని తండ్రీ తాతా కూడా ఆ సముద్రం మీద బతికినవాళ్ళే. మసేను వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. మళ్ళీ వెళ్ళి మళ్ళీ తెచ్చాడు.

అప్పయ్య ఒక్కసారిగా లేచి, "జడ్జీ దొర ఒదిలీసినాడు నన్ను! మీరేటి అడగడం? సేపలు పట్టుకొనే మీరు దొరకంటే పెద్దోళ్ళా?" అని అరిచాడు.

లక్ష్ముడు ఇసకలోంచి మెల్లగా లేచాడు.

"నీమీద కేసు నేదు అప్పయ్యా. నీకు ఉరీ నేదు, జైలూ నేదు. ఇయాల్టినుంచి ఈ ఒడ్డున ఎవడూ నిన్ను పడవ ఎక్కించడు. నీ మనుషుల్నీ ఎక్కించడు. అంతే."

అప్పయ్య నవ్వేశాడు. అది శిక్ష అని అతనికి ఆ క్షణాన తోచలేదు.

ఓడ వచ్చిన రోజు తోచింది. గోపాలపూర్‌లో ఓడ ఒడ్డుకు రాదు. దూరంగా లోతునీళ్ళలో ఆగుతుంది. ఆ విరుచుకుపడే కెరటాలు దాటించి మనుషుల్ని ఓడదాకా చేర్చాలంటే కొబ్బరితాడుతో కుట్టిన పడవలు కావాలి, వాటిని నడిపే ఆ ఒడ్డు మనుషులు కావాలి. అప్పయ్య పోగుచేసిన జట్టు మూటలు పట్టుకుని ఇసకలో కూర్చుంది. తక్కిన మేస్త్రీల మనుషులు ఒక్కొక్క జట్టే పడవెక్కి వెళ్ళిపోయారు. అప్పయ్య పడవ పడవకూ పరిగెత్తాడు, బతిమాలాడు, తిట్టాడు. తెడ్లు పట్టినవాళ్ళు అతనివైపు చూడను కూడా లేదు. రేవు దొర వచ్చి గదమాయించాడు. "ఎక్కించమని సట్టం ఉంటే సూపించండి దొరా," అన్నాడు లక్ష్ముడు ఎంతో వినయంగా.

ఓడ కూత పెట్టింది. పొగ సాగదీసుకుంటూ వెళ్ళిపోయింది. జట్టులో ఆడవాళ్ళు మేస్త్రికి శాపనార్థాలు పెడుతూ మూటలు ఎత్తుకున్నారు. ఒడ్డున గంప బోర్లించుకుని దానిమీద కూర్చున్న తవిటమ్మ ఆఖరి మనిషి వెళ్ళేదాకా లేవలేదు.

తరవాతి ఓడకూ అంతే. రంగం కంపెనీ అతన్ని తీసేసింది. అతనివెంట వస్తామనే మనిషి చుట్టుపక్కల ఊళ్ళలో లేకుండా పోయాడు. అతని ఇంట్లో శుభకార్యానికి పీట వేసేవాడు లేడు, చావుకు భుజం పట్టేవాడు లేడు.

ఒక సాయంత్రం అతను తవిటమ్మ ఇంటికొచ్చాడు. ఆమె వల ఆరేస్తోంది. అతనికి ఇప్పుడు గొడుగు లేదు, మొహం పీక్కుపోయింది.

"ఇంకా నీకేటి కావాలే?"

"నువ్వు కనపడకుండా పోతే సాలు."

"ఎక్కడికి పోను? రంగంలో తీసీసినారు. కాలుబెట్టే సోటు నేదు."

తవిటమ్మ వల చిక్కులు విప్పుతూనే ఉంది. చాలా రోజులుగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్న మాట, ఇప్పుడు ఏమీ పట్టనట్టు వదిలింది.

"తగరం గని సీనావోడు నీకోసం అడుగుతున్నాడట. రంగం నుంచి ఒచ్చినోళ్ళు సెప్పుకుంటన్నారు. మనుషుల్ని అదుపులో పెట్టేవోడు ఆడికి దొరకనేదట."

అప్పయ్య చప్పున తలెత్తాడు. "అక్కడికా?"

"ఏటి, బయమా?" ఆమె మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "ఇంగిలీసు దొరే నిన్నేటీ సెయ్యనేదు. ఆ అడివి దేశం ఏటి సేస్తాది? ఆళ్ళకి కోర్టులున్నాయా, వకీళ్ళున్నారా? ఎప్పుడో పోయినోడిని ఆళ్ళు గుర్తెట్టుకుంటారా?"

అతని మొహంలో పాత పొగరు కొద్దికొద్దిగా తిరిగిరావడం ఆమె చూసింది. జడ్జీ దొర తనని వదిలేశాడన్న మాట తలకెక్కిన మనిషి అతను. ఆ మాట ముందు సయాం రాజు ఎంత?

"నీకు సిగ్గు నేదే, నాకు దారి సూపించడానికి," అన్నాడు ఎగతాళిగా, వెళ్తూ.

"నేదు," అంది తవిటమ్మ.

ఆ వారమే అతను బరంపురంలో రైలెక్కి కలకత్తా పోయాడని తెలిసింది. అక్కడ ఓడెక్కడానికి ఎవరి పడవా అక్కర్లేదు. మసేను ఆ మాట చెప్పిన రోజు తవిటమ్మ చేపల పులుసు వండి, అత్తకు పెట్టి, తనూ కడుపునిండా తిన్నది. పైడయ్య పోయినప్పటినుంచి ఆమె అలా తినలేదు.

మళ్ళీ వానలు వచ్చాయి, పోయాయి. అప్పుడు సోమేశ్వరరావు దగ్గరనుంచి కబురొచ్చింది. తవిటమ్మ బరంపురం పరిగెత్తినట్టే వెళ్ళింది.

"దొరికాడు," అన్నాడతను. "ఏరు దాటిన మర్నాడే పట్టుకున్నారు. విచారణ కూడా అయిపోయింది."

"తల తీసినారా?"

"లేదమ్మా. చంపాలని ముందే అనుకుని కొట్టలేదని తేల్చారు. అయినా పెద్ద శిక్షే పడాల్సింది. నేరం ఒప్పుకున్నాడు. ఆ దేశంలో ఒప్పుకున్నవాడికి సగం తగ్గించొచ్చట. పదేళ్ళు, కాళ్ళకు గొలుసులతో."

ఆమె మొహం ఎర్రబడింది. "సగం తగ్గిస్తారా! తల తీస్తారని మీరే సెప్పినారు! ఇదేటి నాయం?"

"ఇక్కడ అబద్ధమాడి మొత్తం తప్పించుకున్నాడు. అక్కడ నిజం చెప్పి సగం తప్పించుకున్నాడు. ఏది మంచి న్యాయమో నాకూ తెలీదు తవిటమ్మా." అతను ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వే పంపించావు కదూ వాడిని?"

"ఒప్పుకొని ఏటన్నాడు? ఆడి మాటలు సదవండి."

అతను కాగితం విప్పి, ఇంగ్లీషులోంచి మెల్లగా తెలుగు చేసి చెప్పాడు. పైడయ్య ఇంటికి పోతానన్నాడు. నాకు కోపమొచ్చింది. పార కర్రతో కొట్టాను. పడ్డాక ఇంకోసారి కొట్టాను. వెంటనే పోలేదు. మధ్యాహ్నం దాకా ఉన్నాడు. నీళ్ళడిగాడు. ఎవరినీ ఇవ్వనివ్వలేదు.

మసేను మొదటి దెబ్బ చూసి పారిపోయాడు. ఈ మధ్యాహ్నం సంగతి ఎవరికీ తెలియదు. తవిటమ్మ గోడకు చేయి ఆనించింది. "మా ఒడ్డుకొచ్చి అందరి ఎదటా ఇది సదవాల బావూ మీరు," అంది.

అతను వచ్చాడు. పడవల నీడలో పెద్దలంతా కూర్చున్నారు, వాంతిభేది అని సాక్ష్యం చెప్పిన ఆ ఇద్దరు కూడా వెనకగా నిలబడ్డారు. సోమేశ్వరరావు చదవడం పూర్తయ్యేసరికి వాళ్ళు అక్కడ లేరు.

లక్ష్ముడు పెద్దలవైపు తిరిగాడు. "ఆడు పదేళ్ళకి ఒస్తాడు. అప్పుడేటి సేద్దాం? శిచ్చ పడిపోయినట్టే కదా."

"నాకు తీరనేదు," అంది తవిటమ్మ. "నాకు తల కావాలన్నాను. ఎవడూ ఇవ్వనేదు. ఆడు ఒచ్చినా ఈ ఒడ్డు ఆడిది కాకూడదు."

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు వరహాలమ్మ లేచింది. రాజీ పడదామన్న మనిషి, వాంతిభేది మాట నమ్మి ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకున్న మనిషి, కర్ర పట్టుకుని వణుకుతూ సోమేశ్వరరావు ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీల్లడిగినాడా బావూ నా కొడుకు?"

"అడిగాడమ్మా."

ముసలిది సముద్రంవైపు చూసింది. ఏడవలేదు. కోడలి చెయ్యి వెతికి గట్టిగా పట్టుకుంది. ఆ ఎండిన వేళ్ళలో అంత బలం ఉందని తవిటమ్మ ఎన్నడూ అనుకోలేదు.

"పదేళ్ళకి నాను మరీ పండు ముసలిదాన్ని అయిపోను గదే," అంది వరహాలమ్మ. "నాకు రోజూ ఇంత అన్నం ఎట్టు పిల్లా. ఆడు తిరిగొచ్చి ఈ ఒడ్డున నీల్లడిగీదాకా నాను సావను."